పూజలో పెట్టిన మందు

డాక్టర్ చక్రధరరావుకి సైన్సు మీద నమ్మకం లేకపోలేదు. వర్జ్యం మీద ఉన్నంత లేదు, అంతే. విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా, కొండని సగం తొలిచి కట్టిన ఆ పరిశోధన సంస్థకి ఆయన డైరెక్టరు. కొత్త యంత్రం వస్తే ముందు దానికి నిమ్మకాయలు కడతారు, తర్వాత కరెంటు ఇస్తారు. ప్రయోగశాల గుమ్మానికి ఒక బూడిద గుమ్మడికాయ వేలాడుతూ ఉంటుంది. దాని కిందే 'అతి శుభ్రమైన ప్రాంతం, చెప్పులు విప్పవలెను' అని బోర్డు. గుమ్మడికాయ కుళ్ళి బోర్డు మీద కారుతున్నా ఎవరూ తీయరు. తీయడానికి మంచిరోజు కుదరాలి.

గొర్లె గౌరీశ్వరి ఆ సంస్థలో చేరినప్పటి నుంచి ఈ తతంగమంతా చూసి లోలోపల ఛీకొడుతూనే ఉంది. పైకి మాత్రం తీర్థం పుచ్చుకుంటుంది. ఆవిడ ఉద్దేశంలో ఆ నాలుగంతస్తుల మేడలో బుర్ర ఉన్నవాళ్ళు తను, తన ఎలుకలు. ఎలుకల మీద కూడా అప్పుడప్పుడు అనుమానం వచ్చేది, ఎందుకంటే డైరెక్టరుగారు వచ్చినప్పుడు అవి కూడా బోను ముందుకి వచ్చి నిలబడేవి.

ఇలాంటి చోట కూర్చుని ఆవిడ నిజంగానే ఒక గొప్ప పని చేసింది. ఒక పెప్టైడు తయారుచేసింది. పూసలు గుచ్చినట్టు అమైనో ఆమ్లాలు గుచ్చిన చిన్న దండ అది, కంటికి కనపడదు. అది ఏం చేస్తుందో ఆవిడ మొట్టమొదట వివరంగా చెప్పింది శాస్త్రవేత్తల సభలో కాదు. విజయనగరంలో కోట వెనక వీధిలో, తమ్ముడు పైడినాయుడి వంటింట్లో పీట మీద కూర్చుని చెప్పింది.

పైడినాయుడు సాలూరు ఘాటు మీద ఆర్టీసీ బస్సు నడిపేవాడు. పెద్దపేగులో క్యాన్సర్ వస్తే కోసి తీశారు, కీమో ఇచ్చారు, పోయిందన్నారు. ఏడాది తిరక్కుండా కాలేయంలో తేలింది.

"ఇన్ని సీసాలు ఎక్కించినారు, జుట్టు ఊడబీకినారు. మరల ఎలగొచ్చింది అప్పా ఇది?" అని అడిగాడు.

"కణితిలో కణాలన్నీ ఒక్కలాంటివి కావురా. వాటిలో పిడికెడు కణాలుంటాయి, మూలకణాలంటాం. అవి ఎదగవు. ఎదగవు కాబట్టే చావవు, కొత్త కణాల్ని పుట్టిస్తూనే ఉంటాయి. కీమో ఇచ్చినప్పుడు మిగతావన్నీ చచ్చాయి. ఇవి ముసుగుతన్ని పడుకున్నాయి. మందు ఆగాక లేచి మళ్ళీ మొదలెట్టాయి."

"నీ మందు ఆటిని సంపేస్తాదా?"

"చంపదు. వాటి ఒంటి మీద ఒక గొళ్ళెం ఉంటుంది, మిగతావాటికి ఉండదు. నా మందు దాన్ని పట్టుకుని, ఇంక పెద్దదానివైపో అని చెప్తుంది. పెద్దదైన కణం ఇక పుట్టించలేదు. నాలుగు రోజులు బతికి దానంతటదే పోతుంది. పోకిరీవాడి మెడకి సంసారం తగిలించినట్టు."

పైడినాయుడు పొయ్యి దగ్గరున్న పెళ్ళాం వైపు చూశాడు. "అర్థమైపోనాది. నాకు ఈవిణ్ణి కట్టబెట్టినట్టు."

"నేకపోతే రోడ్లట్టుకుని తిరిగీవోడివి," అంది నరసమ్మ, గరిట ఆపకుండానే.

ముగ్గురూ నవ్వారు. తర్వాత గౌరీశ్వరి, జీవితంలో ఎవరినీ ఏదీ అడగనని గొప్పలు పోయే మనిషి, డైరెక్టరు గదికి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడింది. మనుషుల మీద మొదటి ప్రయోగానికి తన తమ్ముణ్ణి తీసుకోమని బతిమాలింది.

"మన గౌరి తమ్ముడంటే మనవాడే కదమ్మా!" అన్నారు చక్రధరరావు. వరుసలో ముందున్నవాళ్ళని వెనక్కి నెట్టి పైడినాయుడి పేరు మొదట పెట్టించారు. మందుకి 'సుదర్శన' అని పేరు కూడా ఆయనే పెట్టారు. విష్ణుచక్రంలా వెతికి వెతికి శత్రువు తల నరుకుతుందని పేపర్లవాళ్ళకి చెప్పారు. చక్రం పట్టుకున్నవాడు చక్రధరుడవుతాడని ఆయన నోటితో చెప్పలేదు, విలేఖరులు కనిపెట్టేదాకా చిరునవ్వుతో ఆగారు.

ఆ మందుకి ఒకే ఒక్క నియమం ఉంది. మంచులోంచి తీసిన వెంటనే నరంలోకి వెళ్ళిపోవాలి. అణువులు విడివిడిగా ఉన్నంతవరకే వాటికి తమ గొళ్ళెం ఏదో తెలుస్తుంది. వెచ్చబడితే ఒకదానికొకటి అతుక్కుని ముద్ద కడతాయి. ముద్దకి వివేకం ఉండదు. ఎముకల మజ్జలో రక్తం పుట్టించే మూలకణాలు, చర్మానికి, పేగులకి కొత్త పొర పోసే మూలకణాలు, ఏది దొరికితే దాన్ని పట్టుకుని పెద్దదైపొమ్మంటుంది. ఒకసారి కరెంటు పోయి ఫ్రిజ్ ఆగినప్పుడు గౌరీశ్వరి తెలియక ఆ మందే ఎలుకలకి ఇచ్చింది. కొన్నాళ్ళు అవి నిగనిగలాడాయి, ఆ తర్వాత వరసగా చచ్చాయి. అప్పటి నుంచి ఐసు పెట్టె లేకుండా ఆవిడ ఆ సీసా ముట్టుకోలేదు.

ముహూర్తం పెట్టింది ఎవరో సిద్ధాంతి. మంత్రిగారి చేతుల మీదుగా మొదటి చుక్క పడాలని డైరెక్టరుగారి కోరిక. వార్డులో అరటిపిలకలు కట్టారు, షామియానా వేశారు. క్యాన్సర్ రోగి పడుకునే గదిలో అగరుబత్తి వెలిగించకూడదని ఒక నర్సు అంటే, ఆ పూటకి ఆ నర్సుని వేరే అంతస్తుకి పంపారు. పైడినాయుడు కొత్త లుంగీ కట్టుకుని, నుదుట బొట్టుతో, పెళ్ళికొడుకులా మంచం మీద కూర్చున్నాడు.

పూజ మొదలయ్యేసరికి డైరెక్టరుగారు ఐసు పెట్టెలోంచి సీసా తీసి వెండి పళ్ళెంలో, వెంకటేశ్వరస్వామి పటం ముందు పెట్టేశారు. సీసాకి పసుపు రాశారు, కుంకుమ పెట్టారు, అటూ ఇటూ దీపాలు. గౌరీశ్వరి గడియారం చూసుకుంది. కంగారేం లేదు, పూజ అయిపోగానే ఎక్కించేస్తారు అనుకుంది. కాని మంత్రిగారు రాలేదు. ఆయన దారిలో ఇంకో రిబ్బను కత్తిరిస్తున్నారు. ఆయన వచ్చేసరికి వర్జ్యం వచ్చింది. వర్జ్యం వెళ్ళేదాకా అందరూ కూర్చుని జీడిపప్పు పకోడీలు తిన్నారు. సీసా దీపాల మధ్య వెచ్చగా, హాయిగా ఉంది.

గౌరీశ్వరి లేచి డైరెక్టరు చెవి దగ్గరికి వెళ్ళింది. "సార్, ఆ సీసా పనికిరాదు. ఐసులో ఇంకోటుంది. అది తెస్తాను."

చక్రధరరావు చిరునవ్వు చెరగనివ్వకుండా, పెదాలు కదపకుండా మాట్లాడారు. "దేవుడి ముందు పెట్టినదాన్ని పారేస్తారా ఎవరైనా? అపచారం. అయినా హారతి వేడికి చెడిపోయే మందు, మనిషి ఒంటి వేడికి బతుకుతుందా?"

"ఒంట్లోకి వెళ్ళాక రక్తంలో విడివిడిగా చెదిరిపోతుంది సార్. సీసాలో..."

"నీకు అంత భయంగా ఉంటే చెప్పమ్మా. పేషెంటుని మారుద్దాం. వరుసలో చాలామంది ఉన్నారు."

గౌరీశ్వరి తమ్ముడి వైపు చూసింది. వాడు మంత్రిగారి చొక్కా గంజి గురించి పక్కనున్న అటెండరుతో ఏదో అంటూ నవ్వుతున్నాడు. నోరు తెరిస్తే వాడి పేరు పోతుంది, మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియదు, కాలేయంలో ఉన్నది అంతదాకా ఆగదు. తెరవకపోతే ఏమో, ముద్ద కట్టి ఉండకపోవచ్చు. ఇన్నాళ్ళూ ఎవరి మూర్ఖత్వాన్ని చూసి ముక్కు చిట్లించిందో, ఆ మూర్ఖుడి పక్కనే అంత చదువూ చంకలో పెట్టుకుని నోరుమూసుకుని నిలబడింది. మంత్రిగారు లేచి వచ్చి మీట నొక్కారు. అందరూ చప్పట్లు కొట్టారు.

మందు పనిచేసింది. అదే దౌర్భాగ్యం. స్కాన్‌లో కాలేయం మీద మచ్చలు కుంచించుకుపోయి, ఆనవాలు లేకుండా పోయాయి. అంతేకాదు, పైడినాయుడు పదేళ్ళు వెనక్కి వెళ్ళినట్టున్నాడు. ఊడిన జుట్టు గుబురుగా వచ్చింది. బుగ్గలు ఎర్రబడ్డాయి. గెడ్డం పొద్దున్న గీస్తే సాయంత్రానికి మొలిచేది. డైరెక్టరుగారు వాణ్ణి సముద్రం ఒడ్డున నిలబెట్టి ఫొటోలు తీయించారు. పేపర్లో ఆ ఫొటో వచ్చిన రోజు సంస్థ గేటు ముందు రోగులు, వాళ్ళ చుట్టాలు బారులు తీరారు. పూజ మహిమ అన్నారు కొందరు, డైరెక్టరుగారు కాదనలేదు. గౌరీశ్వరికి ఎలుకలు గుర్తొచ్చాయి. మనిషి ఎలుక కాదులే అని తనకి తాను చెప్పుకుంది. ఆ మాట ఎంత తెలివితక్కువదో ఆవిడకి తెలిసినంతగా ఆ మేడలో ఇంకెవరికీ తెలియదు.

ఒక ఆదివారం విజయనగరం వెళ్ళింది. పైడినాయుడు అరుగు మీద కూర్చుని చెంపలు నిమురుకుంటున్నాడు.

"మంగలోడికి శెలవిచ్చేసినాను అప్పా. గెడ్డం రావడం మానేసింది. గోళ్ళు కూడా అంతే, పోయిన నెల తీసినాను, అలగే ఉన్నాయి. నీ మందు బలే సుకంగున్నాది."

నరసమ్మ నవ్వలేదు. "పళ్ళు తోముకుంతే నెత్తురొస్తంది ఒదినా. కత్తిపీట తగిలి ఏలు తెగితే పుండు ఆరనేదు. ఎవులికీ సెప్పొద్దన్నాడు. పేపర్లో బొమ్మ ఏసినారు గదా, పరువు పోద్దంట."

గౌరీశ్వరి ఆ వేలు పట్టుకుని చూసింది. గాయం అంచులు శుభ్రంగా, కాగితం చింపినట్టు ఉన్నాయి. చీము లేదు, వాపు లేదు, మానాలన్న ప్రయత్నమే లేదు. వాణ్ణి ఆ పూటే కారెక్కించి విశాఖపట్నం తీసుకొచ్చింది. తుంటి ఎముకలోంచి మజ్జ తీయించి మైక్రోస్కోపు కింద పెట్టి తనే చూసింది. కొత్త రక్తం పుట్టించే కణాలు కిటకిటలాడాల్సిన చోట కొవ్వు బుడగలు తప్ప ఏమీ లేవు. మొదటి నెలల్లో వాడి ఒంట్లో వచ్చిన కళ ఏమిటో ఆవిడకి అప్పుడు పూర్తిగా అర్థమైంది. విత్తనాలకి దాచుకున్న వడ్లు కూడా దంచి వండుకు తిన్నారు. ఆ విందునే అందరూ ఆరోగ్యం అనుకున్నారు.

డైరెక్టరుగారు ఆ స్లైడు చూడలేదు. చూడమని ముందుకి తోస్తే కళ్ళజోడు లేదన్నారు. కళ్ళజోడు ఆయన నెత్తి మీదే ఉంది.

"ఇది వేరే జబ్బమ్మా. మజ్జ ఎండిపోవడం ఎవరికైనా రావచ్చు. క్యాన్సర్ ఉందా? లేదు కదా. మనం మాటిచ్చింది క్యాన్సర్ గురించి."

"వాడికి నా మజ్జ ఎక్కించాలి సార్. మన పక్క ఆసుపత్రిలోనే చేయొచ్చు. నాది వాడికి సరిపోయింది, చూపించాను. ఆలస్యమైతే చిన్న జలుబుకి కూడా పోతాడు."

"చేద్దాం. ఎవరు కాదన్నారు? రెండో విడత పేషెంట్లకి గురువారం ముహూర్తం. అదయ్యాక శుక్రవారం నీ ఇష్టం. ఈలోగా మొదటి పేషెంటుకి మజ్జ మార్చారని బయటికి పొక్కితే ఇంతమంది ఆశ ఏమైపోవాలి?"

"అయితే వాళ్ళకైనా మందు ఐసులోంచి తీసి ఇవ్వండి. దీపాల ముందు పెట్టకండి."

చక్రధరరావు ఆవిడని జాలిగా చూశారు. "మొదటిసారి అలా పెడితేనే కదా ఫలించింది? ప్రయోగం అంటే ఏమిటమ్మా? మొదటిసారి ఏం చేశామో రెండోసారీ అదే చేయాలి. ఇంత చదువుకున్నదానివి, నేను చెప్పాలా?"

ఆవిడకి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఆయన బల్ల మీదున్న ఇత్తడి గణపతిని తీసి ఆయన నెత్తిన కొట్టాలనిపించింది. ప్రయోగాల మంచిచెడ్డలు విచారించే కమిటీకి అధ్యక్షుడు ఆయన బావమరిది. ఫిర్యాదు చేస్తే అది సాయంత్రం కాఫీకి ఆయన ఇంటికే వెళ్తుంది. వేరే ఊరి ఆసుపత్రికి తీసుకుపోదామంటే దారిలో గాలికే వాడు పోతాడు. శుక్రవారం దాకా తమ్ముణ్ణి బతికించుకోవడమే తన పని అనుకుని బయటికి వచ్చేసింది.

పైడినాయుణ్ణి పై అంతస్తులో అద్దాల గదిలో పెట్టారు. వడగట్టిన గాలి తప్ప ఏదీ లోపలికి పోదు. పెళ్ళాం కూడా అద్దం ఇవతల నుంచే ఫోన్లో మాట్లాడాలి. గుబురుగా వచ్చిన జుట్టు ఆ గదిలో కుచ్చులుగా రాలిపోయింది. ఆ అంతస్తుకి ఎవరూ వెళ్ళకూడదని డైరెక్టరుగారి ఆర్డరు. కిందనున్న రెండో విడత రోగులకి మాత్రం, పైడినాయుడు డ్యూటీలో చేరిపోయాడని చెప్పారు.

బుధవారం పొద్దున్న పక్క ఆసుపత్రిలో గౌరీశ్వరి తుంటిలోంచి మజ్జ తీశారు. ఎర్రగా, చిక్కగా ఉన్న ఆ సంచి మీద తమ్ముడి పేరు రాసి చల్లగదిలో పెట్టారు. నడుం విరిగినట్టు నొప్పి పెడుతున్నా ఆవిడ ఇంటికి పోలేదు. గోడ పట్టుకుంటూ రెండో విడత రోగులున్న వార్డుకి వెళ్ళింది. మంచాల మీద బొట్లు పెట్టుకున్న మొహాలు. ఒక మూల ఎవరో విష్ణుసహస్రనామం చదువుతున్నారు.

ఆవిడ మందు గురించి చెప్పింది. మజ్జ గురించి చెప్పింది. తన తమ్ముడి రక్తపరీక్షలు చూపించింది. అందరూ శ్రద్ధగా విన్నారు. చివరికి చిట్టివలసలో జూట్‌మిల్లులో పని చేసి రిటైరైన జగ్గారావు గొంతు సవరించుకున్నాడు.

"మీ తమ్ముడికి ముందు ఏయించుకున్నారు. పేపర్లో బొమ్మ సూసినాం, గుర్రం నాగున్నాడు. మా వంతొచ్చేసరికి మందు మంచిది కాదంటారేటమ్మా?"

"మందు మంచిదేనండి. వెచ్చబెడితే విషం. ఐసులోంచి తీసి ఇమ్మని అడగండి, చాలు."

"పూజలో పెట్టిందే కావాల మాకు," అంది పక్క మంచం ముసలమ్మ. "పూజ నేకపోతే అది ఉత్తి నీళ్ళు."

గౌరీశ్వరి ఫోన్ తీసి, అద్దాల గదిలో పడుకున్న పైడినాయుణ్ణి చూపించింది. జగ్గారావు ఫోన్ చేతిలోకి తీసుకుని, దూరంగా పెట్టి చూసి, తిరిగిచ్చేశాడు.

"ఫోన్లో ఇప్పుడు సచ్చినోళ్ళు కూడా పాటలు పాడతన్నారు తల్లీ. ముందు వరసలో మీవోణ్ణి తోసేసినప్పుడు లేని నీతి ఇప్పుడెందుకు మాకు?"

ఆవిడ ఫోన్ తీసుకుని బయటికి నడిచింది. పై అంతస్తుకి వచ్చి అద్దం ఇవతల కూలబడి, ఫోన్ ఎత్తి, జగ్గారావు అన్న మాటలు చెప్పి, కసి అంతా తమ్ముడి చెవిలో కక్కింది. వెధవలట, మందబుద్ధులట, దేవుడి పేరు చెప్తే గన్నేరుపప్పు కూడా ప్రసాదమని తింటారట, చావనీ వాళ్ళ చావు.

పైడినాయుడు అంతా విని నెమ్మదిగా అన్నాడు. "ఎదవలు కారే అప్పా. ఘాట్ రోడ్డు మీద బస్సు ఆపేసి, బ్రేకులు పోనాయి దిగండంటే ఎవులు దిగుతారు? తిడతారు. కిందకి దించి సక్రం సూపించాల. అప్పుడు నమ్ముతారు."

"ఆ గది దాటావంటే నీ పని అయిపోయినట్టే. శుక్రవారం దాకా ఓపిక పట్టు. రెండే రోజులు."

"అలగేలే," అన్నాడు వాడు. గౌరీశ్వరి ఆ మాట నమ్మింది. మనుషుల్ని చిన్నచూపు చూసేవాళ్ళు దగ్గరివాళ్ళ మాట కూడా సరిగ్గా వినరు.

గురువారం వార్డులో మళ్ళీ అరటిపిలకలు, మళ్ళీ వెండి పళ్ళేలు. ఈసారి సీసాలు ఎక్కువ, దీపాలు ఎక్కువ. చక్రధరరావు పట్టుపంచె కట్టుకొచ్చారు. మంత్రిగారు, ఆశ్చర్యం, వేళకే వచ్చారు. సిద్ధాంతి వేలు పైకెత్తి గడియారం వైపు చూస్తున్నాడు. గౌరీశ్వరి తుంటి మీద చెయ్యి వేసుకుని గోడకి ఆనుకుని నిలబడింది. ఐసు పెట్టెలో దొంగతనంగా కొన్ని సీసాలు దాచింది, అవకాశం దొరికితే మార్చేద్దామని. అవకాశం ఇచ్చేలా లేరు.

అప్పుడు తలుపు తెరుచుకుంది.

పైడినాయుడు సెలైన్ స్టాండు పట్టుకుని నడిచి వచ్చాడు. వెనక నరసమ్మ, వాడి నడుం పట్టుకుని. తల మీద వెంట్రుక లేదు. చర్మం ఉల్లిపొర లాగా పలచబడి, ఒళ్ళంతా గోధుమరంగు మచ్చలు. పెదాల చివర నెత్తురు ఎండి ఉంది. గౌరీశ్వరి గోడ వదిలి కుంటుతూ ముందుకి కదిలింది. వాడు ఆవిడ వైపు చూడలేదు. తిన్నగా జగ్గారావు మంచం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"నన్ను గుర్తట్టినావా బావూ? పేపర్లో బొమ్మ నాదే."

జగ్గారావు దుప్పటి తోసి లేచి కూర్చున్నాడు.

"డైరెక్టరుగారు అబద్దం ఆడనేదు. నాకు క్యాన్సర్ నేదు. రగతం కూడా నేదు." మోచెయ్యి ముందుకి చాచాడు. "ఇది సూదిపోటు. పోయిన నెల రగతం తీసినప్పటిది. ఇప్పుడు గుచ్చినట్టు నేదేటి? ముట్టుకుని సూడు. ఫోన్లో బొమ్మ కాదు."

జగ్గారావు ముట్టుకున్నాడు. వాడి చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. చూస్తూ చూస్తూ ముసలాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పక్క మంచం ముసలమ్మ దిగి వచ్చి వాడి మొహం దగ్గరగా మొహం పెట్టి చూసింది. ఇంకొకరు వచ్చారు, ఇంకొకరు. అందరి ఊపిరీ వాడి మీద పడుతోంది. గౌరీశ్వరికి ఆ ఊపిర్లన్నీ కనిపిస్తున్నట్టే ఉంది. "దూరంగా ఉండండి," అని అరిచింది. ఎవరూ వినలేదు. వాడు కూడా వాళ్ళని దూరం పొమ్మనలేదు.

"మందు మంచిదే, మా అప్ప సేసింది," అన్నాడు. "మంచులోంచి తీసి ఇమ్మనండి. పళ్ళెంలోంచి తీసి ఇస్తే ఒద్దనండి. అంతే."

"వీణ్ణి బయటికి ఎవరు తెచ్చారు?" అని అరిచారు చక్రధరరావు. ఆ గొంతులో భయం ఉంది, పైడినాయుడి కోసం కాదు.

"ముహూర్తం దాటిపోతోందండి," అన్నాడు సిద్ధాంతి.

మంత్రిగారు గోడ మీద గడియారం చూశారు, కెమెరాలవాళ్ళని చూశారు, తనకి ఇంకో కార్యక్రమం ఉందని గుర్తు తెచ్చుకున్నారు. ఆయన వెళ్తూ వెళ్తూ అందరికీ నమస్కారం పెట్టారు, ఎందుకో ఆయనకే తెలియాలి. జగ్గారావు మంచం కింద నుంచి సంచి లాగి బట్టలు సర్దుకోవడం మొదలెట్టాడు. సహస్రనామం ఆగిపోయింది. మధ్యాహ్నానికి వార్డులో దీపాలు, పళ్ళేలు తప్ప ఎవరూ మిగల్లేదు.

సాయంత్రానికి పైడినాయుడికి జ్వరం వచ్చింది. అందరి ఒంట్లోనూ వచ్చి పోయేలాంటి క్రిములే, కాని వాడి ఒంట్లో వాటిని ఆపడానికి ఒక్క తెల్లకణం లేదు. జ్వరం దిగితేగాని మజ్జ ఎక్కించకూడదన్నారు డాక్టర్లు. ఎక్కించినా అది వేళ్ళూనుకుని రక్తం పుట్టించడానికి వారాలు పడుతుందన్నారు. ఆ సంగతి ఆవిడకి వాళ్ళు చెప్పక్కర్లేదు.

ఈసారి అద్దం అడ్డం లేదు. ఇంక దాని అవసరం లేదు. గౌరీశ్వరి తమ్ముడి చెయ్యి పట్టుకుని కూర్చుంది.

"ఎందుకొచ్చావురా?" అంది. "వాళ్ళు ఎవర్రా నీకు? నేను చెప్తే విన్నారా ఆ మనుషులు?"

"నువ్వు సెప్పినావు గాని, ఆళ్ళంటే నీకు అసయ్యం. మొకంలో కనిపించేస్తాది అప్పా." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "డైరెక్టరు నాగే మాటాడతావు నువ్వు. ఆడూ అంతే, నువ్వూ అంతే."

ఆ మాటకి ఆవిడ ఏడ్చింది. వాడు కోపంగా అనలేదు. చిన్నప్పుడు తను లెక్క తప్పు చేస్తే వాడు వేలు పెట్టి చూపించినట్టు అన్నాడు. శుక్రవారం పొద్దున్న, తను ఎదురుచూసిన శుక్రవారమే, వాడు పోయాడు.

చక్రధరరావు అప్పుడే విలేఖరులకి ప్రకటన ఇచ్చేశారు. మొదటి పేషెంటు ఇన్‌ఫెక్షన్‌తో చనిపోయాడని, చనిపోయేనాటికి అతని ఒంట్లో క్యాన్సర్ జాడే లేదని, ఆ విధంగా సుదర్శన ప్రయోగం పూర్తిగా విజయవంతమైందని. తర్వాత గౌరీశ్వరి దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశారు. మొహం సరిగ్గా ఎంత విచారంగా ఉండాలో అంతే విచారంగా ఉంది.

"అమ్మా, ఈ సమయంలో అడగకూడదు. ఆ మజ్జ సంచి చల్లగదిలోనే ఉంది కదా? ఎలాగూ వృథా అయిపోతుంది. అంత మంచి మూలకణాలు మనకి మళ్ళీ దొరకవు. నీ సంతకం ఉంటే ప్రయోగశాలకి తెప్పిస్తాను."

గౌరీశ్వరి ఆయన్ని చూసింది. ఇన్నేళ్ళూ ఆయన్ని చూస్తే ఎంత అసహ్యం వేసేదో, అదేదీ ఇప్పుడు రాలేదు. ఎదురుగా ఉన్నది మనిషిలా కూడా అనిపించలేదు.

"అది నాది కాదు, మా తమ్ముడిది," అంది.

చల్లగదికి తనే వెళ్ళింది. అడ్డం వచ్చిన అటెండరు ఆవిడ మొహం చూసి తప్పుకున్నాడు. సంచి తీసుకుని, చీర కొంగులో చుట్టి, శవం ఉన్న బండిలో నరసమ్మ పక్కన కూర్చుని విజయనగరం దాకా ఒళ్ళోనే పెట్టుకుంది.

కాటిలో కట్టెలు పేర్చారు. పైడినాయుడితో పనిచేసిన డ్రైవర్లు యూనిఫాం చొక్కాలతోనే వచ్చి నిలబడ్డారు. వాళ్ళ వెనక జగ్గారావు, చేతిలో సంచి, ఇంకా ఇంటికి వెళ్ళనట్టుంది. నిప్పు పెట్టే ముందు గౌరీశ్వరి ముందుకి వచ్చి, వంగలేక వంగి, కొత్త గుడ్డ కాస్త తొలగించి, ఆ ఎర్రటి సంచి తమ్ముడి గుండెల మీద పెట్టింది.

"అదేటి ఒదినా?" అంది నరసమ్మ.

"ఈడిదేనమ్మా," అంది గౌరీశ్వరి. "అందనేదు."